చింతదుంగ సాక్ష్యం

పోయిన నెల మా ఆత్మకూరు ఇంటి పెరడంతా సిమెంటు చేయించాం. నాకు మోకాళ్ళ నొప్పులు, వానొస్తే కాలు జారుతుంది, అందుకని మా ఆయన పట్టుబట్టి మేస్త్రీని పిలిపించాడు. నిమ్మచెట్టు పోయింది, కనకాంబరాల మడి పోయింది, వేపచెట్టు ఒక్కటి మాత్రం నేను అడ్డం నిలబడితే మిగిలింది. గోడవారన ఎప్పటిదో చింతదుంగ ఒకటి పడి ఉండేది. నాలుగడుగుల పొడుగు, పైన కూర్చోవడానికి వీలుగా బాడిసతో చదును చేసింది. మేస్త్రీ దాన్ని కాలితో కదిలించి, "ఇదేందమ్మా, పొయ్యిలోకి కొట్టించేదా?" అన్నాడు. "దాన్ని ముట్టుకోబాక!" అని నేను అరిచిన అరుపుకి మేస్త్రీ చేతిలో తాపీ కింద పడింది. అరిచాక నాకే ఆశ్చర్యం వేసింది. ఆ దుంగ మీద నాకేమీ ప్రేమ లేదు. ఉన్నదల్లా కోపమే. పదిహేను నెలలపాటు అది నా కళ్ళముందే అబద్ధపు సాక్ష్యం చెప్పింది, నేను నమ్మాను, నష్టపోయింది నా బిడ్డ. అయినా దాన్ని పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. ఫోటో తీసి సంగం ఊళ్ళో ఉన్న నా కూతురు సువార్తకి పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది. "నాకు కావాల మా. రేపే ఆటో పంపిస్తా."

ఆ దుంగ మా నాయనది. ఆయన ఉదయగిరిలో కొయ్య గరిటెలు, స్పూన్లు చేసేవాడు. నేను పుట్టి పెరిగిందంతా ఆ చెక్కపొట్టులోనే. మా ఇంట్లో పచ్చికొయ్య వాసన ఎప్పుడూ ఉండేది. అన్నంలో, దుప్పట్లలో, అమ్మ కొంగులో కూడా. కొయ్య ఎండితే పగులుతుందని, గరిటెలకి వాడే నర్ది, బిక్కి కట్టెల మీద తడిపిన గోనెలు కప్పి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు చల్లాలి. ఆ పని నాది. నాయన దుంగకి ఒక చివర కూర్చుని బాడిసతో కొయ్యని గరిటె ఆకారానికి చెక్కేవాడు, ఇంకో చివర కూర్చుని నేను ఉప్పుకాగితంతో రుద్దేదాన్ని. బాడిస దెబ్బ పడ్డప్పుడల్లా నా వెన్నుపూస కదిలేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. చిన్నతనమంతా ఆ అదురు మీదే కూర్చున్నదాన్ని. అంత తెలిసినదాన్ని అవసరమైన రోజున ఎలా మర్చిపోయానో ఇప్పటికీ అర్థం కాదు. రోజూ పీల్చే గాలిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఆ సర్దుబాటు ఎక్కువసేపు నిలవదు.

నాయనకి ఒక అలవాటు ఉండేది. కొయ్య కోసం దుర్గం కొండ ఎక్కే రోజున నేరుగా ఎక్కేవాడు కాదు. కొండ కింద ఒక బండమీద కూర్చునేవాడు. బీడీ లేదు, మాట లేదు. నన్ను వెంటబెట్టుకుని పోయిన రోజున నాకూ అదే శిక్ష. "నోరు మూసుకో. చెయ్యి కదిలించబాక. కన్ను మాత్రం తిప్పు," అనేవాడు. మొదట ఏమీ కనిపించేది కాదు, దోమలు తప్ప. కాసేపటికి రాయి అనుకున్నది తొండ అయ్యేది. ఎండుటాకు అనుకున్నది పిట్ట అయ్యేది. "మనం వచ్చినామని అన్నీ బిగదీసుకోని ఉంటాయి. మనం లేమనుకున్నాక బైటికొస్తాయి. ఏది యాడ ఉండాదో చూసుకోని కాలు పెట్టాల," అని చెప్పేవాడు. ఆయనకది సరదా కాదు. ఆ కొండమీద పాములుంటాయి, ఎలుగులుంటాయి. చూడకుండా కాలు పెట్టినవాడు తిరిగి రాడని ఆయన భయం. ఆ భయంతోనే నాకు చూడటం నేర్పాడు.

పెళ్ళయి ఆత్మకూరు వచ్చాను. మా ఆయన బస్సు కండక్టరు. తెల్లారకముందే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఇంట్లో నేను, మా అత్త. అత్త ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానుకున్న మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది, ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందుండేది. కానీ నన్ను మాత్రం "గరిటెలోళ్ళ పిల్ల" అనేది. అది నాకు గుచ్చుకునేది. మా ఇద్దరికీ నీళ్ళబిందె దగ్గర, ఉప్పుడబ్బా దగ్గర, ఆదివారం చర్చికి కట్టుకునే చీర దగ్గర, ఎక్కడ పడితే అక్కడ వాదన. సువార్త పుట్టాక ఆ వాదనలన్నీ కలిసి ఒకే వాదనగా మారాయి. పిల్లకి రెండేళ్ళు దాటాయి, మాట రాలేదు. "అమ్మ" లేదు, "అత్త" లేదు. అరుస్తుంది, నవ్వుతుంది, ఏడుస్తుంది, అంతే. ఒకరోజు అత్త పిల్లకి నీళ్ళు పోస్తూ పోస్తూ చెంబు పక్కన పెట్టి, "సరోజా, బిడ్డకు చెవులు చూపించాల. నాకు అనుమానంగా ఉండాది," అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆసుపత్రిలో నేల తుడిస్తే డాక్టరయిపోతారా అత్తా?" అన్నాను. అనకూడని మాట. అత్త నా వైపు చూసి, చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు పిల్లకి పోసి, తువ్వాలు చుట్టి నా చేతికిచ్చింది. ఏమీ అనలేదు. అంటే తిరిగి అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె అననందుకే నా కోపం రెండింతలయింది. పిల్లని చంకనేసుకుని ఆ వారమే ఉదయగిరి బస్సెక్కాను.

నాయనకి విషయం చెప్పాను. ఆయన చేస్తున్న గరిటె పక్కన పెట్టాడు. "చెవుల్లేకపోవడమేంది? మన బిడ్డకా? చూద్దాం ఉండు," అని సువార్తని తెచ్చి దుంగ రెండో చివర, నేను కూర్చునే చోట, కూర్చోబెట్టాడు. దాని వీపు ఆయన వైపు. దాని చేతికి ఒక చెక్క బొమ్మ ఇచ్చాడు. అది బొమ్మని నోట్లో పెట్టుకుంది. నాయన బాడిస వెనక మొద్దువైపుతో దుంగని ఒక్క దెబ్బ కొట్టాడు. సువార్త చటుక్కున వెనక్కి తిరిగింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తిరిగింది. మూడోసారి మెల్లిగా, వేలి కణుపుతో తట్టాడు. దానికీ తిరిగి, తాతని చూసి పకపకా నవ్వింది. నాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మీ అత్తకు చెప్పు. నా మనమరాలికి చీమ నడిస్తే వినిపిస్తాదని చెప్పు," అన్నాడు. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. పదిరోజులు అక్కడే ఉన్నాం. రోజూ ఆ పరీక్షే, రోజూ అదే ఫలితం. వీధిలోవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. వచ్చినవాళ్ళంతా కొయ్యపని వాళ్ళే, జీవితమంతా దుంగలమీద కూర్చున్నవాళ్ళే. ఒక్కరికీ పిల్లని దుంగ మీద నుంచి దించి కొట్టి చూద్దామని తోచలేదు.

నేను ఆత్మకూరు తిరిగొస్తుంటే నాయన ఆ దుంగని బస్సు టాపు మీద వేయించి నాతో పంపాడు. "బిడ్డ దానిమీద కూర్చునేదానికి అలవాటు పడింది, నేను ఇంకోటి చేసుకుంటాలే," అన్నాడు. అత్త ముందర పరీక్ష పెట్టాను. పిల్ల తిరిగింది. అత్త రెండుసార్లు చూసింది, మూడోసారి చూసింది, "సరే," అంది. ఆ "సరే"లో ఒప్పుకోలు లేదని నాకు తెలుసు. తెలిసినా గెలిచినట్టే ఉన్నాను. చర్చిలో బెంచీ మీద కూర్చున్నప్పుడు డోలక్ వాయిస్తే సువార్త తల ఊపేది. అది కూడా నా లెక్కలో సాక్ష్యమే. బెంచీ కూడా కొయ్యేనని, డోలక్ బెంచీ కాళ్ళ పక్కనే ఉంటుందని ఆలోచించే ఓపిక నాకెక్కడిది?

మాటలెందుకు రావడం లేదంటే ఇంట్లో ఎప్పుడూ కీచులాటలే, అందుకని బిడ్డ బెదిరిపోయిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. దానికి ప్రశాంతత కావాలనుకున్నాను. పొద్దున మా ఆయన డ్యూటీకి పోయాక ఒకసారి, సాయంత్రం టీ పెట్టే ముందు ఒకసారి, ఇద్దరం పెరట్లో దుంగమీద కూర్చునేవాళ్ళం. నాయన చెప్పిన పద్ధతే. నోరు మూసుకోవడం, చెయ్యి కదపకపోవడం, కన్ను తిప్పడం. మూడేళ్ళ పిల్ల అంతసేపు కదలకుండా కూర్చుంటే చుట్టుపక్కలవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. నిజం చెప్పాలంటే అది నాకన్నా బాగా చూసేది. నిమ్మచెట్టు ఆకు అడుగున పచ్చపురుగు ఎక్కడుందో నా గడ్డం పట్టుకుని తిప్పి చూపించేది. వేపచెట్టు బెరడుమీద తొండ గొంతు ఎర్రబడటం చూసి తన గొంతు పట్టుకుని చూపించేది. ఉడుత తోక ఎత్తిందంటే పిల్లి వస్తోందని దానికి అర్థమైపోయేది. బూడిదరంగు పిట్టలు ఏడెనిమిది ఎప్పుడూ గుంపుగా వచ్చేవి, మేము వాటిని అరుపుల పిట్టలనేవాళ్ళం. అవి నేలమీద ఆకులు ఎగదోస్తుంటే, వాటిలో ఒకటి మాత్రం కొమ్మమీద కూర్చుని కాపలా కాయడం ముందు కనిపెట్టింది నేను కాదు, అదే.

అత్త వంటింటి గడపమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ మమ్మల్ని చూసేది. ఒక సాయంత్రం ఇక ఉండలేక, "మాట రాని బిడ్డను పట్టుకోని నోరు మూసుకోమని నేర్పిస్తావుండావే, నీకు బుద్ధుండాదా సరోజా?" అంది. ఆ మాట నాలో దిగబడిపోయింది. నిజమేనేమో. నేనే దాన్ని మూగదాన్ని చేస్తున్నానేమో. ఆ రోజు నుంచి పిట్టల్ని చూడటం తగ్గించి పిల్లని చూడటం మొదలుపెట్టాను. చూడకూడనివి కనపడసాగాయి. కుక్కర్ విజిల్ పక్కనే మోగినా అది నిద్రలో కదలదు. నేను వెనక నుంచి పిలిస్తే తిరుగుతుంది, కానీ ఎప్పుడు? నా నీడ దానిముందు పడ్డప్పుడు. అత్త ఒకసారి దాని వెనకాల సత్తుపళ్ళెం కింద పడేసింది, పిల్ల తిరిగింది, నేను అత్త వైపు విజయగర్వంతో చూశాను. తర్వాత తలుచుకుంటే గుర్తొచ్చింది, ఆ క్షణంలో పిల్ల నా ముఖంలోకి చూస్తోంది. పళ్ళెం చప్పుడుకి నేను ఉలిక్కిపడ్డాను. అది తిరిగింది నా ముఖం చూసి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసిన వెంటనే పిల్లని దుంగమీద కూర్చోబెట్టి వేలితో తట్టేదాన్ని. అది తిరిగేది. హమ్మయ్య అనుకునేదాన్ని. రోజుకి పదిసార్లు తట్టేదాన్ని. నమ్మకం ఉన్నవాళ్ళెవరూ రోజుకి పదిసార్లు పరీక్షించరు.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున దుంగ అడుగున చెదలు పట్టడం చూశాను. కష్టపడి దొర్లించి, వంటింటి తలుపు పక్కన గోడకి ఆనించి నిలబెట్టి ఎండపెట్టాను. అది పడి ఉన్నచోట తేమ, దాని వెనక గోడలో ఒక బొక్క. బొక్కలోకి చూశాను, చీకటిగా ఉంది, మట్టి కప్పుదాంలే అనుకుని వదిలేశాను. నాయన బిడ్డనై ఉండీ బొక్కని చూసి వదిలేశాను. సాయంత్రం సువార్త దుంగ కోసం వెతుక్కుని, అది లేకపోయేసరికి బట్టలుతికే బండమీదకెక్కి మాకు వీపు పెట్టి కూర్చుంది. నేను బొరుగులు తేవడానికి లోపలికి పోయాను. గిన్నె పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి, పొద్దున దుంగ ఉన్న చోటి నుంచి నాగుపాము బైటికొచ్చి బండకీ గడపకీ మధ్య సగం దూరంలో ఉంది. బండ వైపే పోతోంది. పిల్ల కాళ్ళు బండ మీద నుంచి కిందికి వేలాడుతున్నాయి.

"సువార్తా! కాళ్ళు పైకి తీసుకో!" అని అరిచాను. అది నిమ్మచెట్టు వైపు చూస్తూ కూర్చుంది. "సువార్తా! పాము!" గొంతు చీలిపోయేటట్టు అరిచాను. దాని జుట్టుకూడా కదలలేదు. పక్కింటివాళ్ళు ఏమైందని అరుస్తున్నారు, రోడ్డుమీద ఎవరో ఆగినట్టున్నారు, నా బిడ్డ మాత్రం తిరగలేదు. అప్పుడు నేను చేసిన పని చూడండి. తలుపు పక్కనున్న రోకలి తీసుకుని, గోడకి ఆనించిన దుంగమీద దబదబా బాదాను. నాయన కొట్టినట్టు. ఆ దెబ్బకి ఎప్పుడూ తిరిగేది కదా. ఒకటి, రెండు, మూడు. తిరగలేదు. దుంగ ఇక్కడుంది, బిడ్డ బండమీదుంది, అదురు దానికి అందలేదు. ఆ ఒక్క క్షణంలో నేను పాముని మర్చిపోయాను. మర్చిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ మర్చిపోయాను. పదిహేను నెలలుగా నన్ను నేను ఎట్లా మోసం చేసుకున్నానో అంతా ఒకేసారి కనిపించింది.

నాలుగోసారి రోకలి ఎత్తాను. వెనక నుంచి అత్త చెయ్యి వచ్చి దాన్ని గట్టిగా పట్టుకుంది. "ఆపు! నేల అదరతా ఉండాది, దాన్ని నువ్వే రేపతా ఉండావు. అటు చూడు," అంది. పాము పడగ ఎత్తి నిలబడి ఉంది. బండకి పక్కగా, రెండు జానల దూరంలో. అత్త నన్ను రెండు చేతులతో వెనక నుంచి పట్టేసుకుంది. "ఉరకబాక. నువ్వు ఉరికితే అది బిడ్డమీదికి పోతాది," అని చెవిలో చెప్పింది. ఆమె గుండె నా వీపుకి తగిలి కొట్టుకుంటోంది.

అరుపుల పిట్టలన్నీ వేపచెట్టు కింది కొమ్మకి వచ్చాయి. అవి చేసే గోల నాకు వినిపిస్తోంది, సువార్తకి వినిపించడం లేదు. కానీ కొమ్మ కదలిక కంటికి తగిలి అది తల పక్కకి ఎత్తి వాటిని చూసింది, దాని ముఖం సగం నాకు కనపడింది. ఒక్కటీ ఆకుల్లోకి చూడటం లేదు, ఒక్కటీ ఆకాశంలోకి చూడటం లేదు. ఎనిమిది పిట్టలూ మెడలు కిందికి వంచి ఒకే చోటికి చూస్తున్నాయి. నా కూతురి కళ్ళు ఆ పిట్టల చూపు పట్టుకుని మెల్లిగా కిందికి దిగాయి. తల కదల్లేదు, కళ్ళు మాత్రమే. కిందికి, పక్కకి, పడగ దగ్గరికి వచ్చి ఆగాయి. ఇప్పుడు కెవ్వుమంటుంది, ఇప్పుడు కాలు విదిలిస్తుంది అనుకున్నాను. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని, పాముని చూస్తూ కూర్చుంది. నేను నేర్పినట్టే. పాము ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. పడగ దించింది. బండ పక్కనుంచి, పిల్ల కాళ్ళ కిందుగా సాగి, నిమ్మచెట్టు మొదలు చుట్టి, గోడ తూములోంచి అవతలి చేలోకి పోయింది. తోక కూడా కనపడకుండా పోయాక సువార్త వెనక్కి తిరిగింది. మమ్మల్ని చూసి, చెయ్యి పడగలాగా ఎత్తి ఆడిస్తూ, చూశావా అన్నట్టు నవ్వింది. దాని ముఖంలో ఎంత సంతోషమో. పెరట్లో అన్నిటికన్నా పెద్దది తనే ముందు చూశాననుకుంటోంది.

నేను పోయి దాన్ని ఎత్తుకుని గడపమీద కూలబడ్డాను. అత్త పక్కన కూర్చుంది. నేను చెప్పలేదా అని అంటుందని ఎదురుచూశాను. ఆ మాట అనడానికి ఆమెకి పూర్తి హక్కుంది. అంటే బాగుండుననిపించింది కూడా, ఏడవడానికి ఒక సాకు దొరికేది. అత్త నా చీరమీద రాలిన బొరుగులు దులిపింది. "రేపు ఫస్టు బస్సుకు నెల్లూరు పోదాం. అబ్బాయికి నేను చెప్తా. బిడ్డ గుడ్డలు తీసిపెట్టు," అంది. అంతే. ఆ రోజు నుంచి నేను ఆమెతో గొడవ పడలేదని చెబితే అబద్ధమవుతుంది, ఉప్పుడబ్బా దగ్గర కొట్టుకుంటూనే ఉన్నాం. కానీ ఆమె నన్ను మళ్ళీ ఎప్పుడూ గరిటెలోళ్ళ పిల్ల అనలేదు. నేను ఆమె ఆయా పనిని మళ్ళీ ఎప్పుడూ ఎత్తిపొడవలేదు.

నెల్లూరులో పరీక్షలు చేసిన డాక్టరు కాగితం చూస్తూ, పుట్టినప్పటి నుంచీ వినికిడి చాలా తక్కువేనని, మిషన్ పెడితే కొంత వినిపిస్తుందని, మాటలు నేర్పించాలని చెప్పాడు. చెప్పి, "ఇంత లేటుగా తెచ్చారేందమ్మా? ముందుగా వచ్చి ఉంటే మాట తొందరగా వచ్చేది," అన్నాడు. అత్త ముందుకి జరిగి, "మాకు తెలీలా సార్. పల్లెటూరోళ్ళం," అంది. ఆసుపత్రి గోడల మధ్య ఏళ్ళపాటు పనిచేసిన మనిషి, అందరికన్నా ముందు కనిపెట్టిన మనిషి, నా తప్పుని తన నెత్తిన వేసుకుని తెలియదని చెప్పింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఒక్క వాక్యానికి ఆమె బతికుండగా నేను కృతజ్ఞత చెప్పలేకపోయాను.

చెవికి మిషన్ పెట్టిన రోజు సువార్త సంతోషిస్తుందనుకున్నాం. మా పెరట్లో కాకి అరిస్తే చెవులు మూసుకుని ఏడ్చి, మిషన్ పీకి పారేసింది. అలవాటు కావడానికి నెలలు పట్టింది. తర్వాత ఉదయగిరి పోయాం. నాయనకి ఉత్తరంలో రాయలేక ఎదురుగానే చెప్పాను. ఆయన నా మాట నమ్మలేదు. మిషన్ తీయించి, సువార్తని తన కొత్త దుంగమీద కూర్చోబెట్టి తట్టాడు. తిరిగింది. కిందికి దించి, చాపమీద నిలబెట్టి కొట్టాడు. తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. పిల్ల చేతిలోని బొమ్మతో ఆడుకుంటూనే ఉంది. నాయన బాడిస కింద పెట్టేశాడు. చాలాసేపు తన అరచేతిని ఆ దుంగమీద ఆనించి ఉంచాడు, ఆ కొయ్యని జీవితంలో మొదటిసారి ముట్టుకున్నట్టు. "నేను మీకు అడ్డం పడినానా అమ్మాయ్?" అన్నాడు. లేదు నాయనా అన్నాను. ఆయన ఆ రోజు పని ముట్టలేదు. పని చేయకుండా ఆయన ఒక పగలంతా కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు కాలం వేరు. సువార్త కూతురు చిన్నది పుట్టిన వారానికే ఆసుపత్రిలో చెవులు చూశారు, బాగున్నాయని కాగితం ఇచ్చారు. ఆ కాగితం చూసి నేను అరగంట ఏడిస్తే నా అల్లుడు కంగారుపడ్డాడు. ఆ రోజుల్లో ఇలాంటి కాగితం ఒకటి నా చేతిలో ఉంటే పదిహేను నెలలు మిగిలేవి. కానీ ఇప్పుడు నా పెరడు సిమెంటు పెరడు. తొండ లేదు, పచ్చపురుగు లేదు, అరుపుల పిట్టలు వేపచెట్టుమీద వాలి, కింద గీరడానికి ఆకులు లేక ఎగిరిపోతున్నాయి. జారకుండా నడుస్తున్నాను, నిజమే. నడిచి చూడటానికి అక్కడ ఏమీ లేదు. ఏది మేలో నేను తేల్చుకోలేను. చెవుల కాగితమూ కావాలి, ఆకులు రాలే పెరడూ కావాలి అనిపిస్తుంది. రెండూ అడిగితే అత్యాశేమో.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక సంగం పోయాను. సువార్త అక్కడ గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది. మాట కాస్త ముద్దగా వస్తుంది, అయినా పనుల మీద వచ్చిన రైతులతో గట్టిగానే మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరూ పలకలేదు. వెనక తలుపు తీసే ఉంది. దాని పెరడు చిన్నదే. నాలుగు వంగమొక్కలు, ఒక మునగచెట్టు, దాని కింద మా చింతదుంగ. నాకు వీపు పెట్టి తల్లీకూతుళ్ళిద్దరూ దానిమీద కూర్చున్నారు. వంటింటి కిటికీలో చిన్న డబ్బా, అందులో చెవి మిషన్లు. ఆదివారం పెరట్లో కూర్చునేటప్పుడు తీసేస్తుందట. "అవి లేకపోతేనే బాగా కనిపిస్తాయి మా," అని ఒకసారి నాతో అంది. మూడేళ్ళ చిన్నది నోటిమీద వేలు పెట్టుకుని మునగచెట్టు వైపు చూస్తోంది, కదలకుండా, అచ్చం వాళ్ళమ్మలాగానే.

పిలిస్తే సువార్తకి వినిపించదు. చిన్నదాన్ని పిలిస్తే అదేదో చూస్తున్నది చెదిరిపోతుంది. చెప్పులు విప్పి మెల్లిగా పోయి దుంగ వెనక నిలబడ్డాను. ఎన్నేళ్ళయిందో ఈ కొయ్యని నేను తట్టి. నెల్లూరు నుంచి వచ్చిన రోజు నుంచి ఒక్కసారి కూడా తట్టలేదు. వంగి, వేలి కణుపుతో దుంగ చివర ఒక్కసారి తట్టాను, నాయన తట్టినట్టు, మెల్లిగా.

నా కూతురు వెనక్కి తిరగలేదు. చూపు చెట్టుమీద నుంచి తీయకుండా, చెయ్యి మాత్రం వెనక్కి చాపి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"వచ్చినావా మా," అంది. "కూర్చో. కదలబాక. తొండ ఉండాది."

దుంగమీద మూడో మనిషికి చోటుంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.